గంజి పెట్టిన కారు కప్పు

ఎలుక నెక్కి తల్లిదండ్రుల చుట్టూ తిరిగి లోకాలు చుట్టిన ఫలం పొందిన విఘ్నేశ్వరునకు, ఆయన వాహనానికి క్లచ్చు ప్లేటు లేదన్న అసూయను కొంత మనసులో ఉంచుకొనియే, నమస్కరించి, వరుణదేవునికి మాత్రం ఒక్క చేతితో దండం పెట్టి, శ్రీ విశ్వావసు నామ సంవత్సర జ్యేష్ఠ శుద్ధ దశమి నాటి మా ప్రయాణాన్ని వ్రాస్తున్నాను.

నాది గుడ్డకప్పు కారు. కప్పును మడిచి వెనుకకు త్రోస్తే మిగిలేది ఆకాశమే. తెలుగు పండితునిగా ఉద్యోగ విరమణ చేసిన నెలలోనే దానిని బెంగళూరులో, అప్పటికే ముసలిదైన స్థితిలో, కొన్నాను. హిందూపురంలో అటువంటిది మరొకటి లేదు. ఎందుకు లేదో కొన్న తరువాత తెలిసినది. దాని బ్రేకులు తర్కశాస్త్రం చదివినవి; ఆగుమంటే ఎందుకు ఆగవలెనని అడుగుతాయి. స్పార్కు ప్లగ్గులను నేనే విప్పి గరుకు కాగితంతో తోముతాను. రేడియేటరు కారితే పసుపు కలిపిన నీళ్ళు పోస్తాను. చిల్లు పూడుతుంది, ఇంజను పేరంటానికి వచ్చిన ముత్తయిదువ వలె పచ్చగా కూర్చుంటుంది. ఇన్ని శుశ్రూషలకూ లొంగనిది కప్పు ఒక్కటే. దాని కుట్ల వెంట దిగిన వాననీరు సరిగ్గా నా భార్య కూర్చునే చోటనే పడేది. నా వైపు ఒక్క చుక్క రాలేది కాదు. ఇది దైవికమని నేనెన్ని మార్లు చెప్పినా ఆమె నమ్మలేదు.

ధర్మవరంలో ఆమె తమ్ముని కూతురికి నిశ్చితార్థం కుదిరినప్పుడు ఆమె తీర్పు చెప్పినది.

“ఇదో వినండి. ఆ పొద్దు నా పట్టుచీర మీద ఒక్క చుక్క పడిందా, మర్నాడు ఈ బండి గుజిరీకి పోవల్ల. పడకపోతే మళ్ళా దీని మాట ఎత్తను.”

పాత ఇనుము కొనే ఆ గుజిరీ అంగడి మా వీధి చివరనే ఉన్నది. కనుక నేను ఆలస్యం చేయలేదు. సీట్లు కుట్టే దర్జీచేత దళసరి కిత్తాన్ గుడ్డతో కొత్త కప్పు కుట్టించి, చట్రానికి నేనే బిగించాను. కుట్టులో లోపం లేదు. కాని నడుమ గుడ్డ సాగి, విందు భోజనం చేసినవాని పొట్ట వలె వ్రేలాడినది. వాన పడితే అక్కడ చెరువే. నేత పనిలో పండిన ఆ తమ్మునికే, అనగా నా బావమరిదికి, ఫోను చేశాను.

“గంజి తక్కువైంటాది బావా. మేము చీరకు పూసేటట్ల పలచగా పూసి, బిర్రుగా గుంజి ఆరబెట్టు. డోలు మాదిరి మోగుతాది.”

“కారుకు గంజి పెట్టేదేందిరా?”

“గుడ్డ గుడ్డే గదా బావా. కారు మీద కూసుంటే దానికి కొమ్ములొస్తాయా?”

పందెంలో అవతలి పక్షాన ఉన్నప్పటికీ, ఆ గంజి కాచినది నా భార్యయే. నేతగాళ్ళ ఇంటి ఆడబిడ్డ. ఉండలు కట్టిన గంజిని శత్రువు గుడ్డకైనా పూయనివ్వదు. వంటింటి అలవాటు కొద్దీ అందులో పిడికెడు ఉప్పు కూడ వేసినది. ఎండలో ఆరిన కప్పును వ్రేలితో కొట్టగా నిజంగానే మోగినది. నాకు కలిగిన గర్వం చెప్పరానిది.

దశమి నాడు మబ్బు పట్టి ఉండగా బయలుదేరాము. పెనుకొండ చేరేసరికి రేడియేటరు పొగలు కక్కినది. కూలిన కోటగోడ ప్రక్కన కారు నిలిపి, ఎదురుగా ఉన్న అంగట్లో ఇద్దరమూ టీ త్రాగుతున్నాము. తిరిగి చూచేసరికి గోడ రాళ్ళ మీది నుండి ఒక మేక కారు కప్పుపైకి దిగి, నమలుతున్నది. నేను నా జీవితంలో ఏ కావ్యాన్నీ అంత శ్రద్ధతో ఆస్వాదించి ఎరుగను. ఆ మేక కాపరి గోడ మీద నిలబడి వింతగా చూస్తున్నాడు.

“ఏమప్పా, బండికి సంగటి పెట్టినావా ఏమి? మా మేక యాడా ఇట్ల ఎగబడదే.”

“ముందు దాన్ని తోలవయ్యా,” అన్నాను.

“ఉప్పు మరిగినాక తోలితే పోతాదా సామీ?”

అతడు దానిని కాలు పట్టి లాగేసరికి కప్పుకు తలకాయ పట్టేంత చిల్లు పడినది. ఎవరి సీటు పైన అన్నది చెప్పనక్కరలేదు. నా భార్య ఆ చిల్లు అంచును తడిమి చూచినది.

“ఉప్పేసింది నేనే,” అన్నది మెల్లగా.

తొలి చినుకులు రాలినవి. కాపరి తన భుజం మీది కంబళిని తలమీదుగా వచ్చేటట్లు మడిచి ఆమెకు అందించినాడు.

“పట్టుచీర గట్టుకోనుండావు, కప్పుకో అక్కా. దీంట్లో నుంచి నీళ్ళు దిగవు. మళ్ళొచ్చేటప్పుడు ఈడ టీ అంగట్లో ఇచ్చిపో.”

“గొర్రె వాసన వస్తాండాదే.”

“గొర్రె బొచ్చుకు మల్లెపూల వాసన యాడొస్తాదక్కా?”

ధర్మవరం దాకా వాన తెరపి ఇవ్వలేదు. ఎప్పటివలెనే నా వైపు పొడి. ఆమె వైపు ధార. ఆమె నల్లకంబళిలో ముఖం మాత్రం బయట పెట్టుకొని కూర్చున్నది. పెండ్లివారందరూ వాకిట ఉండగా దిగినాము.

“ఏమక్కా, గొర్రెలు యాడిడిసొచ్చినావు?” అన్నాడు ఆమె తమ్ముడు.

ఆమె కంబళి తీసి అతని చేతిలో పడవేసినది. వదినా మరదళ్ళు కుచ్చెళ్ళ నుండి కొంగు దాకా చీరను తడిమి చూచినారు. ఒక్క చుక్క లేదు. నేను గొంతు సవరించుకున్నాను.

“మీరేం మాట్లాడొద్దండి,” అన్నది. “చీరను కాపాడింది మీ కారు గాదు, ఆ మేకలాయప్ప. అయినా మాటంటే మాటే. బండి ఉండనీండి.”

కంబళిని తిరుగు దారిలో పెనుకొండ టీ అంగట్లో ఇచ్చివచ్చాము. ఆషాఢ శుద్ధ విదియ నాడు కారుకు రెక్సిను కప్పు వేయించాను. శ్రావణ శుద్ధ దశమి నాడు పెండ్లి జరిగినది. ధర్మవరానికి నేను కారులోను, నా భార్య బస్సులోను వెళ్ళాము.