సోది డాక్టరు గడ్డం

మానసిక వైద్యుడన్న పేరు తలుపు మీదే. ఆసుపత్రిలో అందరికీ ఆయన సోది డాక్టరు. జన్యుపరీక్ష మాట ఎవరెత్తినా "సోది" అని ఒక్క ముక్కలో కొట్టిపారేసేవాడు మరి. మొండితనం అనుకునేరు, కాదు. వెనకటికి చిన్నాన్నకు మతి చలిస్తే, అది వాళ్ల రక్తంలోనే ఉందని నలుగురూ చెవులు కొరుక్కుని అక్క పెళ్లి చెడగొట్టారు. అప్పటినుంచీ రక్తం మాటెత్తితే ఆయనకు ఒళ్లు మంట.

అలాంటివాడి దగ్గరకు సెలూను నడిపే ఆయన వచ్చాడు. ఎవరూ లేనప్పుడు కూడా గొంతులు వినిపిస్తున్నాయన్నాడు. మందుతో గొంతులు ఆగాయి గానీ చేతులు వణకడం మొదలైంది. వణికే చేతిలో కత్తి చూసి ఎవడు కూర్చుంటాడు? సెలూను మూతపడింది. మందు మానితే గొంతులు, వేసుకుంటే వణుకు.

డాక్టరు ఇచ్చింది మామూలు మోతాదే. ఆ మాత్రానికి ఇంత వణుకేమిటి? తొందరగా నయమవ్వాలని రెండేసి మింగుతున్నాడని తేల్చేసి చివాట్లు పెట్టాడు. సెలూనాయన తల వంచుకున్నాడు. ఆయన భార్య ఊరుకోలేదు.

"నా చేత్తో ఒక్కటే ఇస్తున్నానండీ. మా మాట నమ్మకపోతే పోనీ, ఆయన రక్తాన్నే అడగండి."

డాక్టరుకు అక్క గుర్తొచ్చింది. ఆనాడు తనకే జబ్బూ లేదని ఆవిడ మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. సిగ్గేసింది. అయిష్టంగానే సెలూనాయన రక్తం జన్యుపరీక్షకు పంపాడు.

ఫలితంలో వంశం ఊసే లేదు. ఈయన ఒళ్లు ఆ మందును బాగా నెమ్మదిగా ఖర్చు చేస్తుందట, అందుకే మామూలు మోతాదూ లోపల పేరుకుపోతోందట. డాక్టరు ఇద్దరినీ పిలిచి, పొరబడ్డానని చెప్పి మోతాదు తగ్గించాడు. మెల్లగా వణుకు పోయింది. గొంతులు తిరిగి రాలేదు.

అయినా జనానికి భయం పోవద్దూ? సెలూను తెరిచినా ఎవరూ గడప తొక్కలేదు. ఓ ఉదయం వీధంతా చూస్తుండగా డాక్టరే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కళ్లజోడు తీసి, పక్కనే ఉన్న సెలూనాయన భార్య చేతికిచ్చాడు.

"నున్నగా గీసెయ్యవయ్యా," అని గడ్డం పైకెత్తాడు.

నురగ మీద కత్తి జారింది. చిన్న గాటు కూడా పడలేదు. గుమ్మంలో నిలబడి చూస్తున్న ఒకాయన గడ్డం తడుముకుంటూ వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. వెనకే ఇంకొకాయన. ఆవిడ సంతోషం పట్టలేక, ఇంతకీ ఆ పరీక్ష సోదేనా అని డాక్టర్ని అడిగింది. ఆయన నోరు తెరవబోయాడు.

"కత్తి గొంతు మీదుంది సార్, కదలకండి," అన్నాడు సెలూనాయన దర్జాగా.

డాక్టరు కదల్లేదు.