నిప్పు పెట్టానని రాశాను

మా అత్తమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఆమె గురించి రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఒకే మాట అడ్డం పడుతోంది. ముట్టించడం. ముందు ఆ మాట సంగతి చెబితే గాని ఆమె సంగతి చెప్పలేను.

నేను సత్తుపల్లి వైపు పిల్లని. మా పుట్టింట్లో పొయ్యి అంటించేవాళ్లం, దీపం వెలిగించేవాళ్లం. పెళ్లయి, చండ్రుగొండ దాటి అడవి అంచున ఉన్న ఈ ఊరికి వచ్చిన మొదటి వారంలోనే "అత్తమ్మా, పొయ్యి అంటించనా?" అని అడిగాను. ఆమె బియ్యం చెరుగుతున్న చేట ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"అంటిచ్చుడేంది పిల్లా? అంటుకునేది గడ్డివాము. అంటుకునేది కొంప. పొయ్యిని ముట్టియ్యాలె."

నేను ఊరుకునే రకం కాదు. తెలుగులో డిగ్రీ చేసినదాన్ని, పక్క ఊరి బడిలో తెలుగు చెబుతున్నదాన్ని. నిఘంటువు తీశాను. ముట్టడం అంటే తాకడం, ముట్టించడం అంటే తాకించడం. అంటడమన్నా తాకడమే, అంటించడమన్నా తాకించడమే. "రెండూ ఒకటేనత్తమ్మా, పుస్తకంలో ఉంది" అని గెలిచినట్టు చెప్పాను.

"పుస్తకమొచ్చి పొయ్యి కాడ కూసుంటదా?" అని నవ్వింది.

అప్పటినుంచి అది మా ఇద్దరికీ ఆటైపోయింది. ఆమె కావాలనే నాకు వినబడేలా "ముట్టిచ్చిన" అనేది. నేను కావాలనే "అంటించాను" అనేదాన్ని. పాల్వంచలో షిఫ్టు దిగి నిద్రమొహంతో ఇంటికొచ్చిన నా భర్త, మా వాదన వినలేక చెంబు పట్టుకుని బయటికి నడిచేవాడు.

ఆ మాట ఆమెకి ఎంత పెద్దదో ఇప్పచెట్టు కింద చూశాను. శివరాత్రి దాటాక ఇప్పపూలు రాలడం మొదలవుతుంది. చెట్టు కింద ఎండుటాకు పాదం మునిగేంత పేరుకుని ఉంటే పూలు కనబడవు. అందుకని ముందే ఆ ఆకు కాలుస్తారు. ఒక ఆదివారం ఆమె వెంట వెళ్లాను. గాలి లేని పొద్దుటిపూట చూసుకుంది. చెట్టు చుట్టూ బండి బాటంత వెడల్పున, మట్టి కనబడేలా ఊడ్చింది. ఆకునంతా లోపలికి నెట్టి, చెట్టు మొదలుకి తగలకుండా సర్దింది. అగ్గిపెట్టె తీయలేదు. ఇంటి పొయ్యిలోంచి పిడక మీద తెచ్చిన నిప్పుకణికను ఆకు అంచుకి ఆనించింది. జ్వరమొచ్చిన పసిపిల్ల నుదురు తాకినట్టు ఆనించింది. తర్వాత పచ్చి కొమ్మ పట్టుకుని మంట ఆరేదాకా చుట్టూ తిరిగింది. ఆరాక బూడిదలో చెయ్యి పెట్టి చూసింది. ఇంకా వెచ్చగా ఉందని కూర్చుండిపోయింది.

నాకు విసుగొచ్చింది. "ఇంకేముందత్తమ్మా, పోదాం పద."

"చల్లారకుంట ఎట్ల పోతం బిడ్డా? ముట్టిచ్చినోళ్లే సూసుకోవాలె."

ఎండ నడినెత్తికి వచ్చేదాకా లేవలేదు. ముట్టించడం అంటే ఆమె దృష్టిలో ఇదంతా కలిపి. ఊడ్చిన దగ్గర్నుంచి బూడిదలో చెయ్యి పెట్టి చూసేదాకా ఒకటే పని.

మూడేళ్ల కిందట, ఆమె అలా ఆకు కాల్చి వచ్చిన రెండో రోజున, వాగు అవతల జామాయిల్ తోట కాలిపోయింది. ఎవరి బీడీయో, ఎవరి పొరపాటో ఈ రోజుకీ తెలియదు. అడవి బీటు చూసుకునే సారు మా వాడకొచ్చి, ఇప్పచెట్ల కింద ఆకు ఎవరెవరు కాల్చారని అడిగాడు. అందరూ మాకేం తెల్వదన్నారు. మా అత్తమ్మ ఒక్కతే "అవ్ సారూ, మా చెట్టు కింద నేను ముట్టిచ్చిన" అంది. ఆయనేమీ గద్దించలేదు. "ఏం గాదమ్మా, జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసియ్యి" అన్నాడు. ఆమెకి రాయడం రాదు. రాయడానికి నేనున్నాను కదా.

ఆమె చెప్పింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "చెట్టు సుట్టు ఊడ్చి, పొయ్యిలకెల్లి అగ్గి తెచ్చి ఆకు ముట్టిచ్చిన. చల్లారిందాక ఆడనే కూసున్న. బూడిదల చెయ్యివెట్టి సూసినంకనే ఇంటికొచ్చిన."

నేను రాసింది ఇది: "నేను ఇప్పచెట్టు కింద ఎండుటాకులకు నిప్పు పెట్టాను." కింద ఆమె వేలిముద్ర వేసింది.

ఎందుకలా రాశానంటే, బడికి ఆలస్యమవుతోందని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. టీచరమ్మ రాసిన కాగితంలో 'ముట్టిచ్చిన' అని ఉంటే ఆఫీసులో నవ్వుతారనుకున్నాను. మిగతాదంతా ముసలామె ముచ్చట, అంత ఎవరు చదువుతారులే అనుకున్నాను. నిప్పు పెట్టడం అనే మాటని తెలుగువాళ్లు ఎక్కడ వాడతారో పిల్లలకు పాఠం చెప్పే నాకు తెలియదా? పగబట్టినవాడు వాముకి నిప్పు పెడతాడు, కొంపకి నిప్పు పెడతాడు. అలాంటి మాట ఆమె నోట్లో పెట్టి, అక్షరాలు గుండ్రంగా కుదిరాయని మురిసిపోయాను. నా మీద నాకు ఇప్పటికీ అసహ్యమే.

ఆ కాగితం పట్టుకునే, జామాయిల్ తోట కాలింది ఆమె నిప్పుతోనేనని కేసయింది. వాయిదాలకి కొత్తగూడెం తిరిగాం. మా వకీలు ఆ కాగితం చూసి, "చుట్టూ ఊడ్చాననీ, చల్లారేదాకా కూర్చున్నాననీ ఒక్క వాక్యం ఉన్నా నేను మాట్లాడటానికి ఉండేదమ్మా" అన్నాడు. అత్తమ్మ అప్పుడు బయట చెట్టునీడన నా కోసం సద్ది విప్పుతోంది. వకీలు ఏమన్నాడని అడిగింది. ఏం లేదన్నాను.

ఒక వాయిదా నాడు కోర్టులో ఆ కాగితం చదివి వినిపించారు. 'నిప్పు పెట్టాను' అన్నచోట ఆమె తల తిప్పి నా వైపు చూసింది. ఒక్కసారే. "ఇది నువ్వు చెప్పిందేనా అమ్మా?" అని అడిగారు. నేను వెనక నిలబడి ఉన్నాను. కాదండీ, ఆమె అలా చెప్పలేదు, నేను మార్చాను అని ముందుకొచ్చి చెప్పాలి. గోడకి ఇంకాస్త ఆనుకున్నాను.

"అవ్ సారూ. మా కోడలు రాసింది. ఆమె టీచరు. తప్పు రాయది" అంది అత్తమ్మ.

జరిమానా వేసి పంపించేశారు. కేసు అక్కడితో తీరింది గాని, ఊళ్లో పిల్లలు ఆమెని 'అడవి కాల్చిన అవ్వ' అనడం మొదలుపెట్టారు. వాళ్లలో నా దగ్గర అ ఆలు దిద్దుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత ఆమె ఇప్పచెట్టు దగ్గరికి పోలేదు. పూలు ఆకుల్లోనే రాలి మురిగిపోయేవి, వాసన ఇంటిదాకా వచ్చేది. ఇంట్లో కూడా అగ్గిపెట్టె ముట్టడం మానేసింది. నన్ను మాత్రం పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆమెకి ఆఖరి చలికాలం అది. ఒక పొద్దున వాకిట్లో నీళ్లపొయ్యి ముందు కూర్చుని ఉంది. పుల్లలు ఎప్పటిలాగే ముచ్చటగా పేర్చింది. పక్కనే అగ్గిపెట్టె. ఆమె చలికి వణుకుతోంది. నేను బయటికి రాగానే "నువ్వే అంటియ్యి బిడ్డా" అంది.

నా మాట. ఇన్నేళ్లు నాతో పోట్లాడి ఒప్పుకోని నా మాట. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. "అత్తమ్మా, నువ్వు చెప్పింది నేను రాయలేదు. నేనే మార్చాను."

"ఎరికే."

"ఎరికైతే ఆ రోజు కోర్టులో అవ్ అని ఎందుకన్నావు?"

"మరేం జెయ్యాలె? నా కోడలికి రాయరాదని నలుగుట్ల చెప్పాల్నా?"

నేను అగ్గిపుల్ల గీసి పొయ్యి అంటించాను. ఆమె రెండు చేతులూ కొంగులో దాచుకుని, మంటకి దూరంగా జరిగి కూర్చుంది.