మా మేనత్త, మిస్ కొట్టిన పెళ్ళి కారు

పోయిన వారం మా మేనత్త కన్నుమూసింది. వరంగల్ సుబేదారిలో ఆమె ఇంటి కింది వాటాలో ఉండే అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "నిన్న పొద్దుగాల గూడ కిటికీల నుంచి మా ఆయనను పిలిచిందక్కా. 'నీ బండి మిస్ కొడుతాంది, ప్లగ్గు చూపించుకో' అన్నది. రాత్రి పండుకున్నామె మళ్ళ లేవలే." ఏడుస్తూ చెప్పిందా అమ్మాయి. ఏడుస్తూ విన్న నాకు మధ్యలో నవ్వొచ్చింది. ఎనభై దాటినా ఆ చెవులు ఆమెకు అన్యాయం చేయలేదు.

పంతొమ్మిది వందల డెబ్బైలలో మా అత్త టెలిఫోన్ ఆపరేటరు. గరగరల మధ్య నుంచి మనుషుల మాట ఏరుకోవడమే ఆమె ఉద్యోగం. మామయ్య చిన్న వయసులోనే పోయాడు. పిల్లల్లేరు. మిగిలిందల్లా ఒక పాత అంబాసిడర్. అమ్మెయ్యమని అందరూ అన్నారు. ఆమె నడపడం నేర్చుకుంది. బండి పాడైతే షెడ్డుకు తీసుకెళ్ళి, స్టూలు వేసుకుని పక్కనే కూర్చుని, ఏది ఎందుకు విప్పుతున్నారో అడిగేది. హ్యాండ్‌బ్యాగులో పౌడరు డబ్బాతో పాటు ప్లగ్గు పానా ఉండేది. "ముందు ఇను, తర్వాత చెయ్యి పెట్టు" అనేది. బండికైనా అదే, మనిషికైనా అదే.

నా పెళ్ళి ఖిలా వరంగల్‌లో, అబ్బాయి వాళ్ళింట్లో. అత్త కారులోనే నేను వెళ్ళాలని నాన్న అనుకున్నాడు. పెళ్ళిరోజు తెల్లవారగానే మా చిన్న తాత అడ్డుపడ్డాడు. ఆయన మా తాతకు తమ్ముడు, ఇంట్లో ఆయన మాటే మాట. "మొగుడు లేని పిల్ల పెండ్లిబండి నడుపుడేందిరా? శుభమా అని పోతాన్నం!" అన్నాడు. అత్త తాళంచెవి నాన్న చేతిలో పెట్టి, "వేరే బండి చూడు తమ్మీ" అంది. ఆమె ముఖం చూసి నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"అత్తమ్మ నడిపితేనే నేనెక్కుత. లేకుంటే ఈడనే కూసుంట."

చివరకు నాన్న, చుట్టాలు బస్సులో ముందు వెళ్ళారు. కారులో అమ్మ, నేను వెనక. చిన్న తాత కొబ్బరికాయ ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో, కాపలా కూర్చున్నట్టు కూర్చున్నాడు.

వరంగల్ చౌరస్తా దాటామో లేదో కారు వణకడం మొదలుపెట్టింది. నాలుగు దెబ్బలు పడాల్సిన చోట మూడే పడుతున్నట్టు, కుంటుకుంటూ పోయింది. కాసేపటికి ముందున్న ఎత్తు ఎక్కే శక్తిలేక సైకిల్ పంక్చర్ల దుకాణం ముందు నిలబడింది.

"చెప్పిన్నా లేదా! శకునం!" అన్నాడు తాత. అమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ముహూర్తం దగ్గర పడుతోంది.

"శకునం గాదు కాకా, మిస్సింగ్. నాలుగు సిలిండర్లల్ల ఒకటి మండుతలేదు" అంటూ అత్త పట్టుచీర కొంగు నడుముకు దోపి బానెట్ ఎత్తింది. "బిడ్డా, నువ్వొచ్చి ముందు కూసో. నేను చెప్పినప్పుడు రేసియ్యి."

అలా పారాణి పెట్టిన కాలు యాక్సిలరేటర్ మీద వేసి, జీవితంలో మొదటిసారి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. ఇంజన్ నడుస్తుండగానే అత్త మందపాటి పొడిగుడ్డతో ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి, మళ్ళీ పెట్టింది. మొదటిది పీకగానే ఇంజన్ ఇంకా డీలా పడింది. రెండోదీ అంతే. మూడోది పీకితే చప్పుడులో ఏ తేడా లేదు. "గిదే పని జేస్తలేదు" అంది. ఇంజన్ ఆపించి మూడో ప్లగ్గును రెండోదానితో మార్చి, మళ్ళీ స్టార్ట్ చేయించి చూసింది. అయినా మూడోదే మొండికేసింది. అంటే ప్లగ్గు మంచిదే, నిప్పే దాని దాకా రావడం లేదు.

"కాకా, నీ కండువ ఇటియ్యి. ఎండల నిప్పు కనవడది. దీని కింద తలపెట్టి వైరు చూడు. ఫ్యానుకు దూరముండు, చెయ్యి పెట్టకు."

ఆయన గొణుక్కుంటూనే కండువా కప్పుకుని వంగాడు. నేను రేసిచ్చాను.  తర్వాత కండువా కింద నుంచి పెద్ద కేక: "దొరికిందే బిడ్డా! నీలం మంట! వైరు పగిలి ఇనుము మీదికి దుంకుతాంది!"

పంక్చర్ల దుకాణం నుంచి పాత ట్యూబు రబ్బరు తెచ్చి, పగిలిన చోట గట్టిగా చుట్టి, ఇనుముకు తగలకుండా వైరును ఎత్తి కట్టింది అత్త. స్టార్ట్ చేశాను. ఇంజన్ నున్నగా, నిబ్బరంగా పాడింది. దుకాణం దగ్గర చేరిన జనం ఈలలు వేశారు. తాత కొబ్బరికాయ అక్కడే ఆ కారు ముందు కొట్టాడు. అమ్మ, "అది మండపంలకు తెచ్చింది" అంటే, "ఇంకోటి కొనుక్కొస్త తియ్యి" అన్నాడు.

ముహూర్తానికి ముందే చేరాము. అత్త అలవాటు ప్రకారం గేటు దగ్గర కారు పక్కనే ఆగిపోయింది. శుభకార్యాల్లో ఆమె ఎప్పుడూ ముందుకు వచ్చేది కాదు. పందిట్లో కనబడ్డ ప్రతివాడికీ "మంటను నేనే పట్టిన" అని చెబుతున్న తాత, అక్షింతల వేళకు చుట్టూ చూశాడు. లేచి బయటికి నడిచాడు.

"చేతులన్ని నల్లగున్నయి కాకా, కడుక్కోనియ్యి" అంటున్న అత్త గొంతు వినబడింది.

"ఏం గాదు, నడువు" అంటూ ఆయన ఆమె మోచెయ్యి పట్టుకుని అందరి ముందు నుంచి తీసుకొచ్చాడు. అత్త నవ్వుతోంది, ఏడుస్తోంది. ఆమె గుప్పిట్లోంచి మా తలల మీద పడ్డ బియ్యంలో సగం పసుపు, సగం నలుపు. దీవిస్తూ ఆమె తట్టిన మా ఆయన తెల్లచొక్కా భుజం మీద వేళ్ళ గుర్తులు అయిదూ అచ్చుపడ్డాయి, ఫోటోగ్రాఫర్ ఎంత చెప్పినా మా ఆయన వాటిని తుడవనివ్వలేదు.