బాబాయి పెట్టే మూడు రాళ్ళు

మా బాబాయికి మాట తక్కువ, చేత ఎక్కువ. క్వారీలో ఇరవై ఏళ్ళు టిప్పర్ తోలాడు. ఇప్పుడు డ్రైవరు లేని బండికి అడ్డాలు పెట్టే ఉద్యోగం. బీడు నేలలో బండరాళ్ళు దొర్లించడం, ముళ్ళకంప వేయడం, గోతులు తవ్వడం. బండి తనంతట తానే వాటిని తప్పుకుంటే పాసు. "వయసంతా గోతులు తప్పించుకుని, ముసలితనంలో తవ్వుతున్నావా బాబాయ్?" అని ఏడిపించేదాన్ని.

క్వారీ డ్రైవర్లకు ఒక కట్టుబాటుంది. దారిలో కొత్త గొయ్యి కనిపిస్తే ముందు వెళ్ళేవాడు దిగి, దాని ముందర మూడు రాళ్ళు పేర్చాలి. వెనక వచ్చేవాడికి అదే కబురు. మా నాన్న టిప్పర్ గోతిలో పడి బోల్తా కొట్టి, ఆయన చనిపోయిన రోజున ముందు బండి బాబాయిదే. రాళ్ళు పెట్టాననీ, వానకు దొర్లిపోయాయనీ ఇంట్లో చెప్పాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. వానను తిట్టుకుంటూ పెరిగాను.

ముప్పై ఆరు పరీక్షల్లో ఆ బండి ఒక్క గోతిలోనూ పడలేదు. ఆ బండిని కొనబోయే మా క్వారీ చివరి పరీక్ష చూడమని నన్ను పంపింది. క్వారీలో నాది కొలతలు తీసే పని.

"సోమవారం నుంచి ఈ బండిలో కూర్చుని తిరగాల్సింది నేనే బాబాయ్" అన్నాను.

ఆయన మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. గబగబా గోతి దగ్గరికి నడిచి, దాని ముందున్న మూడు రాళ్ళూ తీసి అవతల పారేశాడు.

బండి కదిలింది. బండరాయిని తప్పుకుంది, కంపను తప్పుకుంది, తిన్నగా వెళ్ళి గోతిలో కూలబడింది.

షెడ్డులో తెర ముందు కూర్చున్న ఇంజనీరమ్మ పరుగున వచ్చి ఒంటికాలి మీద లేచింది. "ఏం చేశారండీ? ఇన్నాళ్ళూ తప్పుకుంది కదా!"

"అది గోతిని ఎప్పుడూ చూళ్ళేదమ్మా, నా రాళ్ళనే చూసింది. నాకూ ఇంతవరకూ తట్టలేదు. పిల్ల ఎక్కుతాననేసరికి అనుమానమొచ్చింది."

"అసలు రాళ్ళెవరు పెట్టమన్నారు మిమ్మల్ని?"

బాబాయి నావైపు తిరిగాడు. "ఆ రోజు పెట్టలేదే తల్లీ. వాన పడుతోందని దిగడానికి బద్ధకించాను. అన్నయ్య చూసుకుంటాడులే అనుకున్నా. అప్పట్నుంచీ గొయ్యి కనపడితే నా చెయ్యి ఊరుకోదు."

ఇంజనీరమ్మ కాగితం మీద 'ఫెయిల్' అని రాసి సంతకం పెట్టింది.

ఇంటికి ఆయన స్కూటరు వెనకే కూర్చున్నాను. పద్దెనిమిదేళ్ళు వాన మీదికి నెట్టాడా, పెద్దమనిషి! నాన్న కావాలనిపించి ఏడుపొచ్చింది.

మలుపు దగ్గర రోడ్డు కుంగి గొయ్యి పడి ఉంది. బాబాయి స్కూటరు ఆపాడు. నా మొహం చూడకుండా దిగి ఒక రాయి పెట్టాడు. రెండోది పెట్టాడు. మూడోదాని కోసం వంగినవాడు నడుం పట్టేసి అలాగే ఉండిపోయాడు.

తిట్టుకుంటూనే దిగాను. మూడోది నేను పెట్టాను.