ఈక దగ్గర ఆగిన బంతి

ఆ వసంతంలో మా ఆయనకు బెల్జియంలోని ఘెంట్ నగరంలో వారం రోజుల ఆఫీసు పని పడింది. డెట్రాయిట్ పక్కనున్న మా ట్రాయ్‌లో ఆయన పనిచేసే కంపెనీ కార్ల విడిభాగాలను అక్కడి ఫ్యాక్టరీకి పంపుతుంది. స్ప్రింగ్ బ్రేక్ కలిసి రావడంతో హైస్కూల్లో చదివే మా అమ్మాయీ నేనూ కూడా బయలుదేరాం. బెల్జియం అంటే నాకు చాక్లెట్లే తెలుసు. ఆ దేశంలో ఉత్తరపు భాగాన్ని ఫ్లాండర్స్ అంటారని విమానంలో మా అమ్మాయి చెబితే విన్నాను.

ఘెంట్‌లో ఆయన ఆఫీసుకు వెళ్లగానే మేమిద్దరం ఊరి మీద పడేవాళ్లం. నడిబొడ్డున నిజమైన రాతికోట, దాని గోడ పక్కనుంచే గంట కొట్టుకుంటూ పోయే ట్రామ్. శనివారం ముగ్గురం రైలెక్కి బ్రూజ్ వెళ్లాం. పైఅంచులు మెట్లు మెట్లుగా కట్టిన ఇటుక ఇళ్లు కాలవల్లో తమ నీడలు చూసుకుంటున్నాయి. పెద్ద గంటల గోపురం ఉన్నట్టుండి ఒక పాట అందుకుంది. వీడియో తీస్తున్న మా అమ్మాయి ఫోన్ జేబులో పెట్టేసి, పాట అయిపోయేదాకా మెడ ఎత్తి నిలబడింది.

మర్నాడు సైకిళ్లు అద్దెకు తీసుకుని కాలవగట్టున పల్లెల వైపు సాగాం. నేల అరచేయిలా చదునుగా ఉంది. పచ్చికలో ఆవులు, దూరంగా చర్చి శిఖరాలు. గట్టు మీది పొడుగాటి చెట్లన్నీ ఒకే వైపు వంగి ఉన్నాయి. తొక్కుతుంటే నాకు అలుపే తెలియలేదు. "చూశావా, నా స్టామినా!" అని మా అమ్మాయికి గొప్పలు పోయాను కూడా. వెనక్కి తిరిగాక తెలిసింది, అప్పటిదాకా నన్ను తోసింది గాలి అని. ఎంత తొక్కినా సైకిల్ ఉన్నచోటే ఉంది. గాలి తప్పించుకుందామని పక్కదారి పట్టేసరికి వాన అందుకుంది. కనిపించిన మొదటి ఊళ్లో, కేఫ్ అని రాసి ఉన్న తలుపు తోసి ముగ్గురం తడిసిన కోళ్లలా లోపలికి దూరాం.

ఆ కేఫ్ వెనక పొడవాటి షెడ్డు. అందులో నేలను కాలవలా మధ్యలో కాస్త పల్లంగా, పక్కలు గట్లలా ఎత్తుగా చేసి, రెండు చివర్లా ఒక్కో పావురం ఈక గుచ్చారు. చీజ్ దిమ్మల్లా గుండ్రంగా, చదునుగా ఉన్న చెక్క బంతులను దొర్లించి ఎవరిది ఈకకు దగ్గరగా ఆగుతుందో చూస్తున్నారు. ఆడేవాళ్లందరూ తాతలూ అవ్వలే. బంతి అటు గట్టుకూ ఇటు గట్టుకూ ఎగబాకుతూ, తాగినవాడి నడకలా పోతోంది.

వేడి చాక్లెట్ తాగుతూ చూస్తుంటే ఒక అవ్వ నవ్వుతూ వచ్చి నా చేతిలో బంతి పెట్టింది.

"వద్దండీ, నాకు రాదు" అని ఇంగ్లీషులో అన్నాను.

"అమ్మా, జస్ట్ ట్రై చెయ్. ఎవరూ నవ్వరు" అంది మా అమ్మాయి.

"నేను నవ్వుతా" అన్నాడు మా ఆయన.

ఆ మాటతో రోషం వచ్చింది. మొదటిది సగం దారిలోనే పడుకుంది. ఆయన అన్నంత పనీ చేశాడు. రెండోది ఎడమగట్టు ఎక్కి, దిగి, కుడిగట్టు ఎక్కి, ఇక చాలన్నట్టు మెల్లగా జారి ఈకను ఆనుకుని ఆగింది. షెడ్డంతా ఒక్క అరుపు! ఆ అవ్వ నన్ను కౌగిలించుకుంది. మా అమ్మాయి గెంతుతోంది.

"ఏ ఊరు మీది?" అని ఒక పెద్దాయన ఇంగ్లీషులో అడిగాడు.

"డెట్రాయిట్ దగ్గర."

"డెట్రాయిటా? అక్కడా ఈ ఆట ఉంది కదా! మా మేనత్త వాళ్లు వెళ్లి స్థిరపడింది అక్కడే. మీరు చూడలేదూ?"

నేను మా ఆయన వంక చూశాను. "ఇన్నేళ్లున్నాం, మనకెవరూ చెప్పలేదేంటి?" అన్నాడాయన.

తిరిగి వచ్చిన వారాంతంలోనే వెతుక్కుంటూ డ్రైవ్ చేసుకు వెళ్లాం. మా ఇంటి నుంచి అరగంట దూరంలో, డెట్రాయిట్ తూర్పు వైపు, అలాంటి షెడ్డే, అలాంటి ఈకే. అక్కడ తరచూ ఆడే ఒక రిటైరైన ఆయన నా విసురు చూసి, ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. ఫ్లాండర్స్‌లో అన్నాను. ఆయన ఆట ఆపేశాడు. వాళ్ల తాతగారిది అక్కడి పల్లెటూరేనట. తను మాత్రం ఎప్పుడూ అక్కడికి వెళ్లలేదట.

"ఎలా ఉంటుంది?" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. భార్యను కూడా పిలిచాడు.

కాలవల గురించి, గంటల పాట గురించి, వంగిన చెట్ల గురించి, ఎదురుగాలిలో సైకిల్ తొక్కడం గురించి చెప్పాను. నేనెక్కడైనా ఆగితే మా అమ్మాయి అందుకుంది. అంతా విని ఆవిడ భర్త వైపు తిరిగి, "ఈ ఏడు ఫ్లోరిడా వద్దు. అక్కడికే వెళ్దాం" అంది.

"సైకిల్ తొక్కాలట మరి" అన్నాడాయన.

"నువ్వు తొక్కు. నేను వెనక కూర్చుంటా."

"అయితే పొద్దున్నే గాలి ఎటు వీస్తోందో చూసుకుని బయలుదేరండి అంకుల్" అని మా అమ్మాయి ఆయన ఫోన్ తీసుకుని, అప్పటికప్పుడే దారి చూపించడం మొదలుపెట్టింది.