డోరిస్ గిర్రున తిరిగిన ఆదివారం

విమానాన్ని ఆకాశంలో ఇబ్బందుల్లోకి నెట్టినవాళ్ళ కథలు మీరు వినే ఉంటారు. నేను మాత్రం దాన్ని భద్రంగా నేల మీదికి దించి, అందరూ చప్పట్లు కొట్టాక, ఇంక చెయ్యడానికి ఏమీ మిగల్లేదనుకున్న క్షణంలో కొంప ముంచాను. అదీ మా చర్చి మొత్తం పులిహోర ప్లేట్లు పట్టుకుని చూస్తుండగా. నవ్వాలనిపిస్తే నవ్వండి, ఫరవాలేదు. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. అప్పుడు మాత్రం వారం రోజులు అన్నం సహించలేదు. నన్ను ఎరిగినవాళ్ళకి దీన్నిబట్టే తెలుస్తుంది, విషయం ఎంత దూరం వెళ్ళిందో.

అప్పట్లో ఆస్ట్రేలియాలోని టూవూంబాలో సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. మాది అమలాపురం. టూవూంబాలో కారు లేకుండా బతకడమంటే మా వైపు పడవ లేకుండా లంకలో బతకడం లాంటిదే. అందుకని వారాంతాల్లో ఒక వృద్ధాశ్రమంలో పనిచేసి, కారు కోసం కూడబెట్టాను. కూడబెట్టి విమానం కొన్నాను.

కంగారుపడకండి. ఆరో వంతే.

తప్పు నాది కాదు, మా చర్చి పెద్ద ప్రభాకర్ అంకుల్‌ది. ఆయన ఆసుపత్రిలో మత్తు డాక్టరు. గొంతు కూడా వృత్తికి తగ్గట్టే ఉంటుంది, రెండు వాక్యాలు వింటే ఆవలింత వస్తుంది. ఒక ఆదివారం ఆయన నన్ను, తనకీ ఇంకో అయిదుగురికీ వాటా ఉన్న పాత విమానంలో ఎక్కించి, జొన్న చేల మీదుగా ఒక చుట్టు తిప్పి తెచ్చారు. నేను కిందికి దిగాను గానీ నా బుద్ధి దిగలేదు. అదే నెలలో వాటాదారుల్లో ఒకాయన పెర్త్ వెళ్ళిపోతూ తన వాటా అమ్మకానికి పెట్టాడు. మిగతా కథ మీరే ఊహించుకోండి. కారు కోసం దాచిన డబ్బుతో విమానంలో వాటా కొని, ఆ విమానం దగ్గరికి సైకిలు మీద వెళ్ళిన మనిషి క్వీన్స్‌లాండ్ మొత్తమ్మీద నేనొక్కర్తినే అయ్యుంటాను.

విమానం పేరు డోరిస్. మా నాన్న కంటే వయసులో పెద్దది. పూర్వం పైలట్లకి శిక్షణ ఇవ్వడానికి చేసినది. ఒకదాని వెనక ఒకటి రెండు సీట్లు, నెత్తిన కప్పు లేదు, రెక్కలకి గుడ్డ. ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద ఒక చిట్టి చక్రం. అందుకని నేల మీద ఉన్నంతసేపూ డోరిస్ ముక్కు పెళ్ళికొడుకు మేనమామలా ఆకాశంలోనే ఉంటుంది. ఎదురుగా ఏముందో నడిపేవాళ్ళకి కనబడదు.

"ఆరో వంతంటే నీ వాటాకి ఏమొచ్చిందే ప్రిసీ? రెక్కా, తోకా?" అని అడిగారు అంకుల్ భార్య విమల ఆంటీ.

"అన్నీ అందరివీ ఆంటీ."

"ఉమ్మడి ఆస్తన్నమాట. ఎప్పటికైనా గొడవే."

వాటాదారుల్లో పెద్దవాడు బారీ. వ్యవసాయం మానేసి విమానం నేర్పే పనిలో పడ్డాడు. పేరు బారీ గానీ మనిషి కొడవలి కామంత సన్నం. స్టూడెంటుకి వాటా ఇవ్వొద్దని ఇద్దరు వాటాదారులు అభ్యంతరం చెప్తే, "ఆ అమ్మాయి పూచీ నాది" అని అడ్డుపడినవాడు ఆయనే. ఆయన మాట్లాడేది ఇంగ్లీషే, మీ కోసం తెలుగులో చెప్తున్నాను. ప్రతి పాఠం చివరా ఒకటే మాట.

"చక్రాలు నేలకి తగిలాక అసలు పని మొదలవుతుంది మేట్. దీని బరువంతా వెనకే. కాళ్ళు పెడల్స్ మీద ఆడకపోతే తోక ముందుకొచ్చేస్తుంది."

నేను ప్రతిసారీ బుద్ధిగా తల ఊపేదాన్ని. గాలి లేని రోజున ఒక్కదాన్నే ఎగరొచ్చని బారీ చివరికి అనుమతి ఇచ్చాడు. ఇచ్చిన మర్నాడే ఆ సంగతి చర్చిలో నలుగురికి చెప్పాను. నలుగురూ నలభై మందికి చెప్పారు. ఆ నెల చర్చి పిక్నిక్ ఎయిర్‌స్ట్రిప్ పక్కనే పెడదామని విమల ఆంటీ తీర్మానించేశారు. ఆ రోజు బారీ బ్రిస్బేన్‌లో కూతురింట్లో ఉన్నాడు. దేవుడు మనిషిని పరీక్షించదలిస్తే ముందుగా ఇన్‌స్ట్రక్టర్‌ని ఊరు దాటిస్తాడు.

ఆదివారం ఆరాధన అయింది. ఒక పక్క బార్బెక్యూ పొయ్యి మీద సాసేజీలు, ఇంకో పక్క పులిహోర, కోడి వేపుడు. ఆకు కూడా కదలడం లేదు. అంకుల్ ప్రొపెల్లర్ చేత్తో తిప్పి ఇంజన్ స్టార్ట్ చేశారు. పైకి వెళ్ళాను, రెండు చుట్లు కొట్టాను, దిగాను. ఆ దిగడం గురించి ఒక్క మాట చెప్పనివ్వండి, ఎందుకంటే ఆ రోజు నేను సక్రమంగా చేసిన పని అదొక్కటే. మూడు చక్రాలూ ఒకేసారి, పిల్లి పరుపు మీద అడుగు పెట్టినట్టు గడ్డిని తాకాయి. ఎడమవైపు నుంచి చప్పట్లు. వేగం సైకిలంతకి తగ్గింది. అయిపోయిందనుకుని రెండు చేతులూ ఎత్తి జనం వైపు ఊపాను.

ఏనుగు వెళ్ళింది గానీ తోక చిక్కింది అంటారు పెద్దలు. నా తోక చిక్కలేదు. ఏనుగుని దాటి ముందుకొచ్చేసింది.

జనం ఎడమవైపు నుంచి ఎదురుగా వచ్చారు, తర్వాత కుడివైపుకి వెళ్ళారు, తర్వాత కనబడలేదు, మళ్ళీ ఎడమవైపు నుంచి వచ్చారు. ఒక కుర్చీలో కూర్చుని ఇంతమందిని ఇన్ని కోణాల్లో ఎప్పుడూ చూడలేదు. ఎలాగో స్విచ్ కట్టేశాను. రెక్క చివర గడ్డిలో బరబరమంది. డోరిస్ ఒకసారి ఊగి ఆగింది.

ఇందాకటి కంటే పెద్దగా చప్పట్లు. విమల ఆంటీ చీర కుచ్చిళ్ళు పట్టుకుని పరుగున వచ్చారు.

"ఎంత బాగా తిప్పావే. లాస్ట్‌లో ఆ రౌండ్ హైలైట్ అసలు."

నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. నేను హెల్మెట్ తీసి, జుట్టు సర్దుకుని, "మీ కోసమే వేశానాంటీ" అన్నాను.

అంకుల్ మాత్రం నా దగ్గరికి రాలేదు. రెక్క దగ్గర వంగి ఉన్నారు. గుడ్డ అరచెయ్యంత చిరిగింది.

"ప్రిసీ, ఆ రౌండ్‌ని ఏమంటారమ్మా?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నారు. నా కుందేలుకి నిజంగానే మూడు చక్రాలు, ఇంక పట్టు విడవడం ఎందుకు? "పాత విమానాల్ని అలాగే పార్క్ చేస్తారంకుల్."

"అవునా. అయితే పదహారేళ్ళుగా నేను రాంగ్‌గా పార్క్ చేస్తున్నానన్నమాట." ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. "శనివారం బారీ వస్తాడు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తానంకుల్."

ఆ వారమంతా యూనివర్సిటీలో పాఠాలు వినలేదు. చక్రాల దగ్గర ఏదైనా విరిగిందేమో, డోరిస్ మళ్ళీ ఎగరదేమో. నన్ను దూరం పెట్టినా ఓర్చుకుంటాను, కానీ పూచీ నాదన్న ఆ మనిషి మొహం ఎలా చూడను? క్షమాపణ మూడుసార్లు రాసి బట్టీ పట్టాను.

శనివారం బారీ డోరిస్ చుట్టూ నడిచాడు. చక్రాలు ఊపి చూశాడు, ఏమీ విరగలేదు. చిరుగు మీద బొటనవేలు పెట్టి నా వైపు చూశాడు. నేను బట్టీ పట్టినదంతా ఎగిరిపోయింది.

"కొంచెం గాలి వచ్చింది బారీ."

"ఎంత గాలి?"

"బాగానే."

సరిగ్గా అప్పుడు అంకుల్‌తో కలిసి కారు దిగారు విమల ఆంటీ, ఒక చేతిలో క్యారేజీ, ఒక చేతిలో ఫోను. "బారీ, అవర్ ప్రిసీ డిడ్ సచ్ ఎ నైస్ రౌండ్. మై సిస్టర్ ఈజ్ కమింగ్ నెక్స్ట్ మంత్, వన్ మోర్ టైమ్ షి మస్ట్ డూ, ప్లీజ్" అంటూ వీడియో పెట్టి ఆయన ముక్కు కింద పట్టుకున్నారు.

వీడియోలో ఒక్క చెట్టు ఆకూ కదలడం లేదు. ఒక పిల్ల ఎన్నికల్లో గెలిచినట్టు చేతులూపుతోంది. బారీ ఫోను మీద నుంచి కళ్ళు తిప్పకుండానే అడిగాడు.

"రెండు చేతులా?"

"రెండూ."

"మరి కాళ్ళు?"

"అవి కూడా చేతుల్నే చూస్తూ ఉండిపోయాయి." నేనూ చిరుగు మీద వేలు పెట్టాను. "గాలి లేదు బారీ. అబద్ధం చెప్పాను. తప్పంతా నాదే."

"అదేంటే," అన్నారు ఆంటీ. "స్టంట్ కాదా? మరి నేను మీ అమ్మక్కూడా పంపాను కదా."

బారీ చిరుగు అంచులు దగ్గరికి లాగి చూశాడు. తర్వాత, "గుడ్డ అతికించొచ్చు," అన్నాడు. "రెండు నెలలు నువ్వు ఎగరవు. ప్రతి శనివారం మధ్యాహ్నం ఈ గడ్డి మీద డోరిస్‌ని నడుపుతావు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. కాళ్ళతో."

నేను తల వంచుకున్నాను. ఈలోగా ఆంటీ చేతిలో వీడియో నడుస్తూనే ఉంది. డోరిస్ గిర్రున తిరిగింది, ఇంజన్ ఆగింది, ఆ నిశ్శబ్దంలోంచి ఒక ఆడగొంతు నాలుగు జిల్లాలకి వినబడేట్టు లేచింది:

"అమ్మో, సచ్చాన్రా దేవుడో."

అలా అరిచినట్టు నాకు గుర్తే లేదు; అదీ స్టంట్‌లో భాగమే అనుకున్నారట ఆంటీ. బారీ, ప్రభాకర్ అంకుల్ వైపు తిరిగాడు. "ఏమంటోంది?"

అంకుల్ ఆపరేషన్ ముందు రోగికి ధైర్యం చెప్పే గొంతుతో, "కంట్రోల్ టవర్‌కి చెప్తోంది, తిరుగుతున్నానని" అన్నారు.

"ఈ స్ట్రిప్‌కి టవర్ లేదుగా మేట్."

"లేదు కదా. అందుకే ఇంకా పైకి చెప్పింది."

బారీ భుజాలు ముందు కదిలాయి, తర్వాత మనిషంతా కదిలాడు. డోరిస్ రెక్క పట్టుకుని కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు.

కావున ఇందుమూలంగా సమస్త ప్రజానీకానికి నేను ప్రమాణపూర్వకంగా తెలియజేయునది ఏమనగా: విమానం పూర్తిగా ఆగి, ఇంజన్ చల్లారి, నేను కిందికి దిగి, నా రెండు కాళ్ళూ నేల మీదే ఉన్నాయని వంగి చూసుకునేవరకు, ఎవరు చప్పట్లు కొట్టినా, సాక్షాత్తు ప్రధానమంత్రే వచ్చి నిలబడినా, నా చేతులు ఎవరికీ ఊపబడవు. మరీ మర్యాద కాదనిపిస్తే కనుబొమ్మ ఎగరేస్తాను. అదీ ఒకటే.