కొత్త పెట్టని ఎడిటరు

కంప్యూటరు కనిపెట్టినవాళ్ళయినా సరే, మా అవ్వ కనకను అడిగాకే దాని మూత తెరవాలి. అరకు కొండల్లో ఆవిడ సరేననందే మామిడికాయ కూడా పండదు.

నిజానికి మామిడి దానంతటదే పండుతుంది. తినడానికే అవ్వ సరేననాలి. మా కొండల్లో ఏ పంటయినా ముందు దేవతకీ, పోయిన పెద్దలకీ పెట్టి ‘కొత్త’ చేసుకున్నాకే నోట్లో వేసుకుంటాం. ఊరంతా పంటకి చేస్తే, అవ్వ కోసి తెచ్చిన కొండచీపురుకీ చేస్తుంది. ఒక ఏడు తాత బుధు కొత్త కాకుండానే చిక్కుళ్ళు వేయించుకు తిన్నాడు. వానలు పడకముందే పోయాడు. జ్వరమని డాక్టరు అన్నాడు. చిక్కుళ్ళని అవ్వ అంటుంది.

మొన్న చలికాలం మా అక్క రమణి పాలిటెక్నిక్ నుంచి సెలవులకి వచ్చింది. ఒకరోజు, పొద్దుగూకేలోగా ఒక ప్రోగ్రాము రాసి పంపితే విశాఖలో ట్రైనింగు. అది రాసుకునే ఎడిటరు సాఫ్ట్‌వేరేమో, రెడీమేడుగా దించితే మా పాత ల్యాప్‌టాప్‌లో ఎక్కలేదు. దాంతో సిగ్నలు దొరికే బండ మీద దాని ముడిసరుకు, అదే సోర్సు కోడు, దించుకొచ్చి, ఇంట్లోనే కంపైల్ చేసి తయారుచేయడానికి పెట్టింది. తెరమీద అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి. ల్యాప్‌టాప్ రొప్పుతోంది. అవ్వ రాగులు చెరుగుతూ ఓరకంట చూసింది.

“ఏటే అది, సంతలో కొన్నావా?”

“కొన్లేదవ్వా, ఊరికే ఇస్తారు. విత్తనం ఇచ్చారనుకో. మనింట్లోనే మొలిపించుకోవాల.”

గొప్పకి పోయి అన్న ఆ మాటే అక్క కొంప ముంచింది. ఎడిటరు తయారై, తెరవబోయేసరికి అవ్వ చేట తెచ్చి కీబోర్డు మీద బోర్లించింది.

“ఇంట్లో పండిందన్నావు. కొత్త కాకుండా ముట్టకు.”

“దీన్ని తింటామేటి అవ్వా?”

“రేపు దీంతోనే తింటావు గదే!”

“అయితే దిసారిని పిలు, బేగి!”

ముహూర్తాలు చెప్పే ఆ దిసారి ముంచింగిపుట్టు సంతకి పోయాడు. చీకటి పడితేగానీ రాడు. అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవ్వ చేట వంక చూసింది, కొండమీదికి వాలుతున్న పొద్దు వంక చూసింది. చేట తీస్తే ఈ పిల్ల కూడా తాత దారి పడుతుందేమోనని భయం. తీయకపోతే విశాఖ దారి మూసుకుపోతుంది.

చివరికి లేచి దీపం పెట్టింది. ఆకులో గుప్పెడు బియ్యం పోసి ల్యాప్‌టాప్ ముందుంచింది. చేట తీసింది.

“ముందు మీ తాత పేరు రాయి. ఆయనకి ఆగడం రాదు. ఈసారి మనమే పెట్టి తినిపిద్దాం.”

అక్క ‘బుధు’ అని టైపు చేసి సేవ్ చేసింది. అప్పుడు తన పని మొదలెట్టింది. పొద్దు దిగేలోగా, మళ్ళీ ఆ సిగ్నలు బండ మీదికి పరిగెత్తి ప్రోగ్రాము పంపేసింది.

నేనూరుకుంటానా? “తాతకి చదువే రాదు గదవ్వా, ఎలా తింటాడు?” అన్నాను.

“నీకొచ్చేటి చదువు? మూడుపూటలా తింటన్నావు గదా. పో, ఆ చేట లోపలెట్టు.”